హెడ్ గ్యాస్కెట్ మార్చే ముందు బ్లాక్‌ను ఎంతవరకు గీకాలి?

చెన్నైలో మౌంట్ రోడ్డు పక్కనున్న జనరల్ ప్యాటర్స్ రోడ్డుకి వెళ్తే ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ, సిలిండర్లుండే బ్లాక్‌కీ మధ్య వేసే హెడ్ గ్యాస్కెట్ కొనడం పది నిమిషాల పని. దాన్ని వేయడానికి బ్లాక్‌ను సిద్ధం చేయడానికి మాత్రం సగం పూట పడుతుంది. ఆ సగం పూటను పావుగంటకు కుదించడానికి చాలా షెడ్లలో ఒక దగ్గరిదారి కనిపెట్టారు. గాలి మెషిన్‌కి గరుకు డిస్క్ తగిలించి బ్లాక్ ఫేస్, అంటే గ్యాస్కెట్ కూర్చునే ముఖం, అద్దంలా మెరిసేదాకా తిప్పుతారు. చూసేవాళ్లకి పని శ్రద్ధగా చేసినట్టే ఉంటుంది. కొన్ని నెలలకు అదే బండి రేడియేటర్‌లో నీళ్లు తాగేస్తూ తిరిగొస్తే, డూప్లికేట్ గ్యాస్కెట్ అంటగట్టాడని దుకాణాన్ని తిడతారు. అది నిజమైన సందర్భాలు లేకపోలేదు. కానీ చాలాసార్లు తప్పు గ్యాస్కెట్‌లో ఉండదు, దాని కిందున్న ఇనుములో ఉంటుంది.

ఎందుకో తెలియాలంటే ఆ పలుచని రేకు మోసే బరువు ముందు చూడాలి. అది సిలిండర్‌లో మండే గ్యాసును, పైకి ఎక్కే ఆయిల్‌ను, ఇంజిన్‌ను చల్లబరుస్తూ చుట్టూ తిరిగే కూలెంట్‌ను ఒకదానితో ఒకటి కలవనివ్వకూడదు. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్ సిలిండర్‌లో మంట అంటుకున్న క్షణాన 50 నుంచి 80 బార్ల దాకా, టర్బో డీజిల్‌లో 150 బార్లు దాటి ఒత్తిడి లేస్తుంది. ఇదంతా నిమిషానికి వేలసార్లు.

దీనికి తోడు హెడ్ కదులుతుంది. అల్యూమినియం వేడికి కాస్ట్ ఐరన్ కంటే రెట్టింపు సాగుతుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న అల్యూమినియం హెడ్ 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.74 మిల్లీమీటరు పెరగాలని చూస్తుంది. దాని కిందున్న కాస్ట్ ఐరన్ బ్లాక్ పెరిగేది 0.35 మాత్రమే. ఈ తేడాను బోల్టుల బిగింపు కొంత అణచిపెడుతుంది, మిగతా రాపిడి గ్యాస్కెట్ మీద పడుతుంది. బండి స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. కాబట్టి గ్యాస్కెట్ కింద ముఖం సమతలంగా ఉంటే చాలదు, దాని గరుకు కూడా ఆ గ్యాస్కెట్‌కు సరిపోయేదై ఉండాలి.

ఇక్కడే పాతకాలపు అలవాటు కొత్త ఇంజిన్లను దెబ్బ తీస్తోంది. పాత గ్యాస్కెట్లలో నడుమ రేకు, రెండు వైపులా గ్రాఫైటో నారలాంటి మెత్తటి పదార్థమో ఉంటుంది. అది చిన్న చిన్న గీతల్లోకి దిగి వాటిని పూడ్చేస్తుంది. దానికి 1.5 నుంచి 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గరుకుదనం ఉన్నా పర్వాలేదు, నిజానికి ఆ కాస్త గరుకు పట్టుకి మంచిదే. ఇప్పటి ఇంజిన్లలో ఎక్కువగా వచ్చేది మల్టీ లేయర్ స్టీల్, షెడ్డు భాషలో స్టీల్ గ్యాస్కెట్. మూడో నాలుగో స్ప్రింగ్ స్టీల్ రేకులు, పైన రబ్బరు లాంటి పూత. ఆ పూత మందం సుమారు 25 మైక్రాన్లు. అంటే ఏ4 కాగితం మందంలో నాలుగో వంతు. అది పూడ్చగలిగే గీత ఎంత లోతుదో ఊహించుకోవచ్చు. స్టీల్ గ్యాస్కెట్‌కి ముఖం గరుకు 1.27 మైక్రాన్లు మించకూడదు, 0.75 లోపు ఉంటే ఇంకా మంచిదని తయారీదార్లు అడుగుతారు. ఆ నునుపు మెషిన్ మీద ఫేసింగ్ చేస్తేనే, అంటే ముఖాన్ని సమంగా చెక్కిస్తేనే వస్తుంది. చేతిలో తిరిగే డిస్క్‌తో మెరుపు తేవచ్చు గానీ ఈ కొలత తేలేం.

ఎందుకంటే గరుకుగా ఉన్నా వంగే ఆ మెత్తని డిస్క్ అన్నిచోట్లా ఒకేలా తినదు. బోల్టు రంధ్రాల అంచులు, నీటి దారుల అంచులు, రెండు సిలిండర్ల మధ్య సన్నటి గోడ, వీటి దగ్గర డిస్క్ అంచు లోపలికి కుంగి లోహాన్ని ఎక్కువ కొరుకుతుంది. కారుతున్న ఇంజిన్లలో సిలిండర్ల మధ్య గోడే తరచూ ముందు ఓడిపోయే చోటు. సరిగ్గా అక్కడే గుంట పడుతుంది. మారుతి కె-సిరీస్ లాంటి అల్యూమినియం బ్లాకుల మీదైతే కొన్ని సెకన్లు చాలు. లారీలు, ట్రాక్టర్లు, పాత డీజిల్ కార్ల కాస్ట్ ఐరన్ బ్లాకులు కొంచెం ఓర్చుకుంటాయి.

డిస్క్ చేసే రెండో నష్టం కంటికి కనబడదు. ఆ డిస్కుల్లో గరుకు కోసం కలిపేది అల్యూమినియం ఆక్సైడ్. గాజు కంటే గట్టి పదార్థం. తిరుగుతున్నప్పుడు డిస్క్ అరిగి సన్నటి పొడిగా రాలుతుంది. ఆయిల్ రంధ్రాల్లోకి, సిలిండర్ గోడల మీదికి, టైమింగ్ చైన్ గూటిలోంచి కింద ఆయిల్ చాంబర్‌లోకి చేరుతుంది. బేరింగ్‌కీ, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌కీ మధ్య ఉండే ఆయిల్ పొర బరువు పడినప్పుడు కొన్ని మైక్రాన్లే. ఆ సన్నటి పొడిలో చాలా భాగం ఫిల్టర్ కాగితానికి చిక్కకుండా దాటిపోతుంది. పైగా చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ ఒత్తిడికి ఫిల్టర్‌లోని బైపాస్ వాల్వ్ తెరుచుకుంటే వడకట్టకుండానే ఆయిల్ పోతుంది. పొడి మెత్తటి బేరింగ్ లోహంలో ఇరుక్కుని ఉప్పు కాగితంలా క్రాంక్‌ను అరగదీస్తుంది. జనరల్ మోటర్స్ 2000 సంవత్సరంలోనే తన సర్వీస్ షాపులకు ఈ డిస్కులు వాడొద్దని బులెటిన్ పంపింది. గ్యాస్కెట్ మార్చిన కొన్నాళ్లకు కింద నుంచి టకటక శబ్దం మొదలైతే ఎవరూ దాన్ని హెడ్ పనితో ముడిపెట్టరు. అందుకే ఈ అలవాటు ఇంకా బతికుంది.

గీకక ముందు చేయాల్సినవి

హెడ్ విప్పే ముందు రేడియేటర్ ఒక్కటే ఖాళీ చేస్తే సరిపోదు. బ్లాక్‌కి విడిగా డ్రెయిన్ ప్లగ్ ఉంటే అదీ విప్పాలి. లేకపోతే హెడ్ లేపగానే కూలెంట్ సిలిండర్లలోకీ బోల్టు రంధ్రాల్లోకీ దిగుతుంది. బోల్టులు ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, బిగించే వరుసకు తిరగేసి, కొంచెం కొంచెంగా వదలాలి. వేడి మీద విప్పిన అల్యూమినియం హెడ్ వంగుతుంది.

హెడ్ లేచాక వెంటనే గీకడం మొదలుపెట్టొద్దు. పాత గ్యాస్కెట్‌ను, బ్లాక్ ముఖాన్ని ఫోన్‌లో ఫోటో తీయాలి. సిలిండర్ చుట్టూ ఉండే రింగ్ మీదుగా నల్లటి చార నీటి దారి వైపు పోయి ఉంటే గ్యాస్ అక్కడ దాటింది. ఏదో ఒక దారి దగ్గర ఎర్రగా తుప్పు పారి ఉంటే కూలెంట్ అక్కడ కారింది. తర్వాత స్ట్రెయిట్ ఎడ్జ్ (చదును చూసే తిన్నని పట్టీ) పెట్టి ముఖ్యంగా చూడాల్సిన చోటు అదే. ముందే గీకేస్తే ఆ సాక్ష్యం బనియన్ వేస్ట్‌లో తుడుచుకుపోతుంది.

తర్వాత రంధ్రాలు మూయడం. ఈ మెట్టును దాటేసేవాళ్లే ఎక్కువ. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్లను సగం ఎత్తుకు తెచ్చి, ప్రతి సిలిండర్‌లో శుభ్రమైన గుడ్డ అంచుల దాకా కుక్కాలి. గుడ్డ వేసే ముందు పిస్టన్ అంచు చుట్టూ గ్రీజు సన్నగా రాస్తే రాలిన కార్బన్ రింగుల సందులోకి జారకుండా గ్రీజుకే అంటుకుంటుంది. పని అయ్యాక తుడిచేయొచ్చు. ఆయిల్ రంధ్రాలకు మాస్కింగ్ టేపు, నీటి దారులకు పేపర్ ఉండలు, చైన్ గూటికి పెద్ద గుడ్డ. ఎన్ని ముక్కలు పెట్టారో లెక్క రాసుకుని, తీసేటప్పుడు అన్నీ వచ్చాయో చూసుకోవాలి. వెట్ లైనర్లున్న, అంటే బయట కూలెంట్ తగిలేలా సిలిండర్ గొట్టాలను విడిగా దించిన లారీ, ట్రాక్టర్ ఇంజిన్లలో హెడ్ లేకుండా క్రాంక్ తిప్పాల్సి వస్తే లైనర్లను ముందు క్లాంప్ చేయాలి. పిస్టన్‌తో పాటు లైనర్ లేస్తే అడుగున సీల్ పోయి, చిన్న పని ఓవరాలింగ్ అవుతుంది.

గీకడం

అంటుకుపోయిన గ్యాస్కెట్‌ను మొదట రసాయనంతో మెత్తబరచడమే తక్కువ కష్టం. గ్యాస్కెట్ రిమూవర్ స్ప్రే పలుచగా కొట్టి పది, పదిహేను నిమిషాలు ఆగాలి. మే నెల ఎండలో షెడ్డు బయట పెడితే తడి ముందే ఆరిపోతుంది కాబట్టి నీడలో, ఒక్కో సిలిండర్ మేరకు కొట్టుకుంటూ పోవడం నయం. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు, గాలి ఆడే చోటు తప్పనిసరి. రబ్బరు సీళ్ల మీద, పెయింట్ మీద పడనివ్వకూడదు.

అల్యూమినియం మీద ప్లాస్టిక్ లేదా గట్టి చెక్క స్క్రాపర్. కాస్ట్ ఐరన్ మీద స్టీల్ స్క్రాపరో బ్లేడో పనికొస్తుంది, కానీ దాదాపు పడుకోబెట్టి పట్టుకోవాలి. నిలబెట్టి తోస్తే మూల గుచ్చుకుని గీత పడుతుంది. స్క్రూడ్రైవర్, ఉలి ఈ పనికి తేవద్దు. దిశ కూడా ముఖ్యం. సిలిండర్ చుట్టూ, దాని అంచు వెంబడి తోయండి. సిలిండర్ నుంచి నీటి రంధ్రం వైపు అడ్డంగా తోయొద్దు. అడ్డంగా పడిన గీత గ్యాస్‌కు కాలువ అవుతుంది. చుట్టూ వెళ్లే గీత అంతే లోతున్నా ఎక్కడికీ దారి చూపదు. గోరు నడిపితే గోటికి తగిలే గీత సిలిండర్ రింగ్ కూర్చునే చోట అడ్డంగా ఉంటే ఆ బ్లాక్‌ను ఫేసింగ్‌కి పంపాల్సిందే.

మిగిలిపోయే మరకల విషయంలో మనసు గట్టి చేసుకోవాలి. పాత గ్యాస్కెట్ అచ్చు నీడలా కనిపిస్తుంది. వేలికి ఎత్తు తగలకపోతే, ఫిల్లర్ గేజ్‌కి (సందులు కొలిచే సన్నటి రేకు) చిక్కకపోతే అది ఉత్త రంగు. దాన్ని పోగొట్టాలనే పట్టుదలే డిస్క్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఎత్తు తగిలే కార్బన్ పొక్కు వేరు. పదో వంతు మిల్లీమీటరు గడ్డ ఉన్నా దాని చుట్టూ గ్యాస్కెట్ లేచి నిలబడుతుంది.

ఉప్పు కాగితం వాడొచ్చా? తమిళ మేస్త్రీలూ దాన్ని ఉప్పుత్తాళ్ అనే అంటారు, అడిగే మాటే కాదు, వాడే తీరూ ఇద్దరిదీ ఒకటే: వేళ్లకింద మడిచి రుద్దడం. వేళ్లు నొక్కిన చోటల్లా గుంట పడుతుంది. బ్లాక్ ఇంజిన్ నుంచి బయటకు తీసి, పూర్తిగా విప్పి, తర్వాత కడిగే వీలుంటే, ఫేసింగ్ చేసిన పొడవాటి సమతల దిమ్మకు 400 నంబరు కాగితం చుట్టి, ఆయిల్‌తో తడిపి, బ్లాక్ పొడవునా మెల్లగా లాగొచ్చు. బ్లాక్ బండిలోనే ఉంటే ఏ గరుకు కాగితమూ వద్దనేదే మా అభిప్రాయం. మూత ఎంత జాగ్రత్తగా వేసినా పొడి దారి వెతుక్కుంటుంది.

బోల్టు రంధ్రాలు

ముఖం ఎంత బాగా తుడిచినా, బోల్టు రంధ్రంలో చెంచాడు నీళ్లు ఉండిపోతే అంతా వృథా. చాలా రంధ్రాలకు అడుగు మూసి ఉంటుంది. అందులో ఆయిలో కూలెంటో ఉంటే బోల్టు దిగేటప్పుడు పిస్టన్‌లా పనిచేస్తుంది. ద్రవం నలగదు. రెండే జరుగుతాయి: బ్లాక్ మూల పగులుతుంది, లేదా హెడ్ నొక్కుకోకముందే టార్క్ రెంచ్ (తిప్పే బలం కొలిచే స్పానర్) టక్కుమంటుంది. రెండోది మరీ మోసం. రెంచ్ చెప్పింది నిజమే, బిగింపు మాత్రం రాలేదు.

బోల్టుకు ఇచ్చే బలంలో దాదాపు పదో వంతే దాన్ని సాగదీసి హెడ్‌ను నొక్కుతుంది. మిగతాదంతా తల కింద, మరల్లో రాపిడికి పోతుంది. మరల్లో తుప్పు, పాత సీలెంట్ ముక్కలు ఉంటే రాపిడి ఇంకాస్త పెరిగి ఆ పదో వంతు కూడా తగ్గుతుంది. కాబట్టి మరలు శుభ్రం చేయాలి, అయితే కొత్తగా కోయకూడదు. మామూలు ట్యాప్ లోహాన్ని కోసేస్తుంది. థ్రెడ్ చేజర్ వాడాలి. దొరకకపోతే అదే సైజు పాత బోల్టు ఒకటి తీసుకుని, మరల వెంబడి హ్యాక్‌సాతో నిలువుగా రెండు మూడు గాళ్లు కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి వాడొచ్చు. చాలా కార్లలో సైజు ఎం10, పిచ్ 1.25 ఉంటుంది గానీ పాత బోల్టుతో సరిపోల్చుకోకుండా నమ్మొద్దు. చేజర్ తిప్పాక బ్రేక్ క్లీనర్ కొట్టి, రంధ్రం మీద గుడ్డ అడ్డుపెట్టి కంప్రెసర్ గాలి ఊదాలి. గుడ్డ లేకపోతే ఆ మురికంతా కంట్లో పడుతుంది. చివరకు పుల్లకు దూది చుట్టి అడుగు దాకా దింపి చూడండి, పొడిగా రావాలి. బోల్టు వేళ్లతోనే అడుగుదాకా దిగాలి.

నీటి దారిలోకి తెరుచుకునే రంధ్రాలు కొన్ని ఇంజిన్లలో ఉంటాయి. ఆ బోల్టులకు మాత్రం మరల మీద సీలెంట్ రాయాలని మాన్యువల్ చెబుతుంది. సాగే రకం బోల్టులు, అంటే టార్క్ తర్వాత డిగ్రీల్లో తిప్పి బిగించేవి, చాలా ఇంజిన్లలో ఒకసారికే. ఇక్కడ మిగిల్చే డబ్బు రెండోసారి హెడ్ విప్పే కూలికి కూడా చాలదు.

చదును, తుప్పు, బోరునీళ్లు

శుభ్రమయ్యాక స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలువుగా రెండు చోట్ల, అడ్డంగా రెండు చోట్ల, ఐమూలగా రెండు చోట్ల పెట్టి 0.05 మిల్లీమీటరు ఫిల్లర్ గేజ్ దూరుతుందేమో చూడాలి. వెనక టార్చి వెలిగిస్తే సందు ముందే కనిపిస్తుంది. చిన్న పెట్రోల్ ఇంజిన్లకు ఆ 0.05 చుట్టుపక్కలే హద్దు, మీ ఇంజిన్ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. స్టీలు స్కేలు దీనికి పనికిరాదు, అదే వంగి ఉంటుంది. హెడ్‌కీ ఇదే పరీక్ష. చెన్నైలో పాత విడిభాగాలు అమ్మే పుదుపేట నుంచి పాత హెడ్ తెచ్చి వేస్తున్నప్పుడు ఇది మరీ అవసరం, అది ఇదివరకు ఎన్నిసార్లు ఫేసింగ్ అయిందో పైకి కనబడదు కాబట్టి మందం కూడా కొలిపించాలి.

చెన్నైలో అదనంగా రెండు చిక్కులున్నాయి. ఒకటి ఉప్పుగాలి. డీగ్రీజర్ కొట్టి నీళ్లతో కడిగిన కాస్ట్ ఐరన్ ముఖం అక్టోబరు, నవంబరు వానల్లో గంటలోపే పసుపు రంగు తిరుగుతుంది. సాయంత్రం శుభ్రం చేసి, పొద్దున హెడ్ వేద్దామని వదిలేస్తే తెల్లారేసరికి సన్నటి తుప్పు. రాత్రికి ఆపక తప్పకపోతే పలుచగా ఇంజిన్ ఆయిల్ రాసి పాలిథీన్ కప్పి, పొద్దున మళ్లీ పూర్తిగా తుడవాలి.

రెండోది కూలెంట్ బదులు పోసిన బోరునీళ్లు. నీటి దారుల చుట్టూ తెల్లటి పొక్కు గట్టిగా పేరుకుంటుంది, దాని కింద అల్యూమినియం పుండులా తిని ఉంటుంది. గీకితే పొక్కు పోయి గుంట బయటపడుతుంది. ఆ గుంట రబ్బరు పూత కూర్చునే గీత మీదికి వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. కొత్త గ్యాస్కెట్‌ను పొడిగా పెట్టి పెన్సిల్‌తో దాని అంచులు గీసి చూస్తే తెలుస్తుంది. వచ్చి ఉంటే ఫేసింగ్ చేయాలి, లోతైతే వెల్డింగ్ చేసి ఫేసింగ్ చేయాలి. ఎం-సీల్‌తో పూడ్చిన గుంట హెడ్ వేడికి నిలవదు.

చివరి తుడుపు

డీజిల్, కిరోసిన్ మురికిని బాగానే వదిలిస్తాయి గానీ జిడ్డు పొర వదిలి వెళ్తాయి. ఆ పొర మీద స్టీల్ గ్యాస్కెట్ పూత సరిగ్గా పట్టదు. ఆఖరి తుడుపు అసిటోన్‌తోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో. నాలుగు సిలిండర్ల బ్లాక్, హెడ్ రెండింటికీ పావు లీటరు సరిపోతుంది. దగ్గర్లో బీడీ, వెల్డింగ్ ఉండకూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడితే అది పూర్తిగా ఆరకుండా ఆ చోట మంట, వెల్డింగ్ చూపించడం ప్రమాదం, విషవాయువు పుడుతుంది. బనియన్ వేస్ట్ నూలు పోగులు వదులుతుంది, దాన్ని మొదటి తుడుపుకే ఉంచుకుని, చివరకు పోగులు రాని తెల్లగుడ్డ తీసుకోండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మడతలు మార్చి తుడవాలి. ఆ తర్వాత ముఖాన్ని వేలితో తాకొద్దు.

డీజిల్ ఇంజిన్లలో తుడుపు ఇంకో లెక్కను కూడా నిర్ణయిస్తుంది. పిస్టన్ బ్లాక్ పైకి ఎంత పొడుచుకొస్తుందో డయల్ గేజ్‌తో కొలిచి, దాన్నిబట్టి రెండు మూడు మందాల్లోంచి గ్యాస్కెట్ ఎంచుకోవాలి. అంచున ఉండే గాట్లో రంధ్రాలో ఆ మందానికి గుర్తు. గేజ్ నిలబెట్టిన చోటో పిస్టన్ మీదో కార్బన్ మిగిలితే కొలత తప్పి, తప్పు మందం వస్తుంది. పలుచనిది పడితే పిస్టన్ హెడ్‌కి తగలొచ్చు, మందమైనది పడితే కంప్రెషన్ తగ్గి పొగ వస్తుంది.

అనబాండ్ లాంటి సిలికాన్ పేస్ట్ గురించి ఒక్కమాట. స్టీల్ గ్యాస్కెట్‌ను పొడిగానే వేయాలి. పేస్ట్ రాస్తే అదనపు భద్రత రాదు, గ్యాస్కెట్ జారాల్సిన చోట జిగురవుతుంది, మిగిలింది ఆయిల్ రంధ్రాల్లోకి పిండుకుపోతుంది. చైన్ కవర్ బ్లాక్‌తో కలిసే అతుకు దగ్గర రెండు బొట్లు పెట్టమని మాన్యువల్ చెబితే అక్కడ మాత్రం పెట్టాలి. గ్యాస్కెట్‌ను, హెడ్‌ను సరిగ్గా కూర్చోబెట్టే గైడ్ పిన్నులు రెండూ చోటులో ఉన్నాయో లేదో, వాటి అడుగున మురికి లేదో చూసి గ్యాస్కెట్ దించండి. ఒకసారి దింపి పక్కకు జరిపితే పూత గీరుకుంటుంది.

ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాలి, కూలెంట్ ఆయిల్‌లో కలవకపోయినా సరే. విప్పేటప్పుడు ఏ రంధ్రంలోంచి ఏం దిగిందో తెలియదు. మొదట కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడిపి, సిస్టమ్‌లో గాలి తీసి, 500 కిలోమీటర్లకు మళ్లీ ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పాత ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పి వెలుగులో చూస్తే, మెరిసే పొడి ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.